సీనియమ్మాళ్ పోలిక

ఆ సోమవారం పొద్దున లక్ష్మణసామి అనుకున్న పని చిన్నదే. కోవిల్‌పట్టి బజారులో ఏజెంటు మారిసెల్వం దగ్గర ట్రేడ్‌మార్కు కాగితం మీద సంతకం పెట్టి, బెల్లం పాకం పొయ్యెక్కేలోగా ఇల్లు చేరాలి. వేరుశనగ మిఠాయి చేయడం నేర్పింది తల్లి సీనియమ్మాళ్. ఆమె పోయి ఆరేళ్లయింది. పొట్లం మీద ఆమె ముఖం ఉండాలన్నది ఒక్కటే అతని కోరిక.

మూడు నెలలకు చెన్నై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. విరుదునగరులో ఒక మిఠాయి కంపెనీ ఇంతకుముందే నమోదు చేయించుకున్న బొమ్మను ఇది పోలి ఉందట, కొనేవాళ్లు ఒకటనుకుని మరొకటి కొంటారట. కాగితంలో ఆ బొమ్మ గోరంత ఉంది. గీతల్లో గీసిన ఎవరో పడుచు ముఖం. దానికీ తన తల్లికీ పోలికేమిటని లక్ష్మణసామికి ఒళ్లు మండింది.

బొమ్మ కాస్త మారిస్తే చాలన్నాడు మారిసెల్వం. కంటి ఆపరేషన్ తర్వాత పెట్టిన కళ్లద్దాలు తీయించాడు. ముడతలు చెరిపించాడు. సాగిన చెవులకు పాతకాలపు బరువు కమ్మలు, పాంబడాలు తొడిగించాడు. ఇప్పుడు మరీ ఎక్కువ పోలి ఉందని ఆఫీసు రాసింది. మారిసెల్వం వెనక్కి తగ్గలేదు. ఈ బొమ్మలోని స్త్రీకీ ఆ కంపెనీవాళ్లకూ ఏ సంబంధమూ లేదని ప్రమాణపత్రం తయారుచేశాడు. లక్ష్మణసామి చదవకుండానే సంతకం పెట్టాడు. అయినా దరఖాస్తు తిరస్కరించారు.

ఆ కంపెనీ సంగతేమిటో తేల్చుకుందామని అతను కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని విరుదునగరు బస్సెక్కాడు. కాగితంలోని చిరునామాలో తలుపు తీసింది అతని చెల్లెలు సెల్వలక్ష్మి. తల్లి పదహారో రోజు కర్మనాడు మాటామాటా పెరిగినప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. కంపెనీ ఆమెదే. లోపల గోడ మీద తల్లి పడుచుతనపు ఫోటో ఉంది, చెవులకు పాంబడాలతో.

సెల్వలక్ష్మి కాగితాలన్నీ అడిగి తీసుకుని, ప్రమాణపత్రం చివరిదాకా చదివింది.

"అమ్మకీ నాకీ సంబందం లేదని నువ్వే రాసిచ్చినావా అన్నా?"

"సదవకుండా పెట్టినానమ్మా. నీ కంపెనీ అని నాకు తెలీదు."

అతనికి ఏడుపు ఆగలేదు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మ బొమ్మ నువ్వూ ఏసుకో. నాకు సమ్మతమే అని రాసిస్తా."

ఇద్దరమూ ఒకే తల్లి బిడ్డలమని చేర్చి రాసిచ్చింది కూడా. కానీ సంబంధం లేదని ప్రమాణం చేసిన మనిషే ఇప్పుడు ఒకే తల్లి బిడ్డలమంటే నమ్మేదెలాగని ఆఫీసు రుజువు అడిగింది. సీనియమ్మాళ్ సెల్వలక్ష్మికి ఏమీ కాదని రాయడానికి ఒక్క పూట పట్టింది. తల్లేనని రుజువు చేయడానికి అన్నాచెల్లెళ్లు కలిసి నాలుగు నెలలుగా తాలూకాఫీసు చుట్టూ తిరుగుతున్నారు.