పన్నెండు లోపు పది నిమిషాలు

మూడోసారి ఆగిపోయే ముందు ఇంజిన్ గట్టిగా దగ్గింది. సైలెన్సర్‌లోంచి నల్లటి పొగ ముద్దగా బయటికొచ్చి, షెడ్డు తలుపు దాటి, పెరటి తీగ మీద ఆరుతున్న పన్నెండు తెల్ల చొక్కాల మీద తీరిగ్గా కూర్చుంది.

"స్కూలు బ్యాండు చొక్కాలవి," అంది భార్య గుమ్మంలో నిలబడి. "సాయంత్రానికి ఇస్తానన్నాను." ఆమె గొంతు పెంచలేదు. అందుకే అతనికి భయం వేసింది.

అతను లిఫ్టు ఇన్‌స్పెక్టర్. ఎక్కడ లిఫ్టు ఆగినా వెళ్లి విచారణ జరిపి, కారణమేమిటో, కారకులెవరో రిజిస్టర్లో రాసి, అందరి ముందూ పైకి చదివి సంతకాలు పెట్టించేవాడు. మిగిలిన జీవితాన్ని ఆరేళ్లుగా ఒక పాత రెండు తలుపుల స్పోర్ట్స్ కారుకి ధారపోశాడు. కార్బురేటర్ మార్చాడు, సైలెన్సర్ మార్చాడు, ఇంజిన్‌కి చల్లగాలి అందాలని ఎయిర్ ఫిల్టర్‌ని ముందు బంపర్ వెనక్కి దించాడు. తయారుచేసిన కంపెనీవాళ్లు ఎదురుపడినా ఆ కారుని గుర్తుపట్టలేరు.

భార్య దర్జీ. ఆమె మూడు కుట్టుమిషన్లూ పడకగదిలో ఉండేవి. అతను నిద్రలో కాలు చాపితే ఏదో ఒక మిషన్ తిరిగేది. షెడ్డు తనకు కావాలని ఆమె ఆరేళ్లుగా అడుగుతోంది. చివరికి కాగితం మీద ఒప్పందం కుదిరింది. ఈ ఆదివారం మధ్యాహ్నం పన్నెండు లోపు ఇంజిన్ ఆగకుండా పది నిమిషాలు నడిస్తే షెడ్డు కారుది, లేకపోతే మిషన్లది. సాక్షి ఆమె తల్లి. రిటైరైన హెడ్మిస్ట్రెస్. షెడ్డు మూల కుర్చీ వేసుకుని, ఒళ్లో వంటింటి టైమర్ పెట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు టైము పదీ పది.

"పోయిన శనివారం బంగారంలా నడిచిందత్తయ్యా," అన్నాడు అతను. ఆ మర్నాడు, అంటే పోయిన ఆదివారం, కారంతా నీళ్లు కొట్టి కడిగాడు. ఆ తర్వాత ముట్టుకోలేదు. ఈ రోజు స్టార్టవుతుంది, కానీ యాక్సిలరేటర్ నొక్కితే ఊపిరందనట్టు ఆగిపోతుంది.

అతను రిజిస్టర్ తెరిచాడు. ఇంట్లో కారుకి కూడా ఒక రిజిస్టర్ ఉండేది. గ్రీజు చేతులతో పేజీలు పాడవుతాయని, చేయబోయే పనులన్నిటికీ పొద్దున్నే, చేతులు శుభ్రంగా ఉండగానే టిక్కులు పెట్టేసేవాడు. పోయిన ఆదివారం పేజీ నిండా టిక్కులే. ఆ పేజీలో తప్పేమీ లేదని తేల్చి పక్కకు తోశాడు.

ప్లగ్గులు విప్పితే బొగ్గుల్లా ఉన్నాయి. తుడిచి బిగించాడు. పొగ. పెట్రోలు పాతబడిందేమోనని ట్యాంకులోది నీలం బకెట్లోకి తీసి డబ్బాకెత్తి, కొత్తది పోశాడు. మళ్లీ పొగ. ఈలోగా భార్య మసి చొక్కాలను ఆ నీలం బకెట్లోనే సబ్బు నీళ్లలో నానబెట్టింది. పావుగంటకు తీసి చూస్తే మసి సగం పోయింది, పెట్రోలు వాసన పూర్తిగా వచ్చింది. ఎవరూ అగ్గిపుల్ల గీయనంతవరకు బ్యాండుకి ప్రమాదం లేదని అతను ఓదార్చాడు. ఆమె ఓదారలేదు.

"అన్నట్టు నా షవర్ క్యాప్ ఏది? వారంనుంచి అడుగుతున్నాను."

"ఇంజిన్ చచ్చిపోతుంటే క్యాపేమిటి?"

పదకొండుకి బావమరిది వచ్చాడు. నలభై ఏళ్లవాడు. ప్రపంచంలో ప్రతి పనినీ ఫోన్లో చూసి నేర్చుకున్నాడు కాబట్టి ఇంట్లో అతన్ని వీడియో అనేవారు. వస్తూనే కార్బురేటర్‌కి గాలి తెచ్చే లావు గొట్టాన్ని లాగి ఊడదీసి, "ఇప్పుడు కొట్టు బావా," అన్నాడు.

ఇంజిన్ సింహంలా లేచింది. పొగ లేదు, దగ్గు లేదు. హెడ్మిస్ట్రెస్ టైమర్ తిప్పింది. ఒకటి, రెండు, మూడు నిమిషాలు. భార్య మొహం వాడిపోయింది. నాలుగో నిమిషంలో లిఫ్టు ఇన్‌స్పెక్టర్ ఊడిపోయిన గొట్టం చూశాడు. ఏ భాగమూ ఊడి వేలాడకూడదన్నది అతని వృత్తిధర్మం. నడుస్తున్న ఇంజిన్‌కే గొట్టం తొడిగి క్లిప్పు బిగించాడు. ఇంజిన్ ఆగిపోయింది.

"నడుస్తున్నదాన్ని ఎందుకు ముట్టుకున్నావు బావా?"

"నువ్వే ఏదో చేశావురా. మీ అక్క పంపిందా నిన్ను?"

ఆ మాట నోటినుంచి వచ్చాక ఇక వెనక్కి పోలేదు. అతనికి అంతా అర్థమైపోయినట్టనిపించింది. షెడ్డు ఎవరికి కావాలి? భార్యకి. వీడియో ఎవరికి తమ్ముడు? భార్యకి. సాక్షి ఎవరికి తల్లి? ముగ్గురూ ఒకటే ఇల్లు. వెంటనే చేయి తుడుచుకుని ఒప్పందం కింద ఇంకో షరతు రాశాడు. ఇంజిన్ ఆగడానికి ఎవరి చేయి కారణమని తేలితే, ఇంజిన్ నడిచినా నడవకపోయినా, షెడ్డు మీద వాళ్ల పక్షానికి హక్కు పోతుంది. అందరిచేతా సంతకాలు పెట్టించాడు. తనూ పెట్టాడు.

భార్య సంతకం చేసి పెన్ను అతని చేతిలో పెట్టింది. "నేనే పాడుచేసుంటే, నా చొక్కాలు తెచ్చి మీ పొగకి ఎదురుగా ఆరేసుకుంటానా?"

వీడియో ఫోన్లో జవాబు వెతుకుతున్నాడు. టైము పదకొండూ నలభై.

"అల్లుడుగారూ," అంది హెడ్మిస్ట్రెస్, ఉదయం నుంచీ మొదటిసారి నోరు విప్పి. "గొట్టం ఊడదీస్తే నడిచింది. పెడితే ఆగింది. ఆ గొట్టం రెండో చివర ఏముంది?"

"ఎయిర్ ఫిల్టర్ అత్తయ్యా."

"చూశారా?"

"చూడక్కర్లేదు. అది బంపర్ వెనకాల ఉంది. కింద దూరి, చేయి వంకర తిప్పితేగానీ అందదు. ఎలా అందుకోవాలో నాకు తప్ప ఎవరికీ..." అని ఆగాడు.

అతను వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. కాసేపు కాళ్లు మాత్రమే కనిపించాయి. తర్వాత చేయి బయటికొచ్చింది. చేతిలో పసుపుపూల షవర్ క్యాప్.

ఎవరూ నవ్వలేదు. అతను లేచి, ఎవరి మొహమూ చూడకుండా స్టార్టు చేశాడు. ఇంజిన్ గర్జించింది. హెడ్మిస్ట్రెస్ టైమర్ తిప్పింది. అది గణగణమనేసరికి పన్నెండుకి ఇంకా మూడు నిమిషాలున్నాయి. అతని మొహం ఒక్క క్షణం వెలిగింది.

"కారు నడిచింది. ఒప్పుకుంటున్నాను," అంది ఆవిడ. "ఇప్పుడు మీ షరతు సంగతి. పోయిన ఆదివారం పేజీ చదవండి."

కారు ఆపి అతను చదివాడు. కడిగే ముందు ఫిల్టర్‌లోకి నీళ్లు పోకుండా తొడుగు వేయడమైనది, టిక్కు. కడిగిన తర్వాత తొడుగు తీయడమైనది, టిక్కు. రెండు టిక్కులూ ఒకే సిరా, ఒకే వాలు, ఒకే ఉదయం. కింద అతని సంతకం.

భార్య క్యాప్ అందుకుని దులిపి కొంగున దోపుకుంది. మెడలోని టేపు తీసి షెడ్డు గోడ కొలవడం మొదలుపెట్టింది. టేపు రెండో కొస వీడియో పట్టుకున్నాడు.

"విచారణ పూర్తి చేయండి," అంది హెడ్మిస్ట్రెస్. "కారకులెవరో పైకి చదవాలిగా."

అతను పెన్ను తీసి, పని అంతా అయ్యాక, గ్రీజు చేతులతో, ఆ రిజిస్టర్లో మొదటిసారి ఒక మాట రాశాడు. దాన్ని లోగొంతుకతో చదివాడు.

"వెనక బెంచీకి వినపడలేదు."

"నేనే," అన్నాడు లిఫ్టు ఇన్‌స్పెక్టర్.