కృపమణి గొంతుకు పర్మిట్

బళ్ళారి జిల్లాలో దొంగతనమన్నది పేరుకైనా మిగలకూడదని పెద్దలంతా కలిసి నిశ్చయించారు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి పాటల నుంచి మొదలుపెట్టారు.

(కొండల నుంచి మొదలుపెట్టొచ్చు కదా అని ఎవరో అమాయకుడు అడిగాడట. కొండంటే అంత పెద్దది, దాన్నెవరైనా ఎత్తుకుపోతే కనపడకుండా ఉంటుందా, కనపడనిది పాటే కదా అని జవాబు వచ్చింది. అమాయకుడు తృప్తిపడి ఇంటికి వెళ్ళిపోయాడు.)

అవి ఎంత ఇనుప ఖనిజపు ఎర్రమట్టి పంపినా చైనావాళ్ళు ఇంకా కావాలంటున్న రోజులు. సండూరు వైపు నుంచి లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వచ్చేవి. పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఇటుక రంగుకు తిరిగేది. ఆ రోజుల్లోనే ఇళ్ళకు ఇంటర్నెట్ వచ్చింది, జనం పాటలు దించుకోవడం మరిగారు, పాటల కంపెనీలు లబోదిబోమన్నాయి. పైవాళ్ళు ఇంటర్నెట్ కంపెనీలను పిలిచి, తీగ మీది కాబట్టి తీగలో పోయే దొంగ కూడా మీవాడే, మీరే పట్టుకోండి అన్నారు. రోడ్డు మీద పోయే లారీకి రోడ్డు వేసినవాడు పూచీ అన్నట్టుంది ఈ న్యాయం. లారీల సంగతిలో మాత్రం ఆ న్యాయం ఎవరికీ తట్టలేదు.

వేగవాహిని అనే కంపెనీ ఆజ్ఞను తలకెత్తుకుని, కౌల్ బజార్‌లో చెప్పులంగడి పైమేడ మీద ‘గేయ పరిరక్షణ విభాగం’ తెరిచింది. శ్రవణాధికారిగా వీరభద్రప్పను పెట్టుకుంది. ఆయన హగరి దగ్గర ఖనిజం చెక్‌పోస్టులో పనిచేసి మచ్చ లేకుండా రిటైరైన మనిషి. ఆయన కూర్చున్నన్నాళ్ళు ఆ దారిన ఒక్క లారీ కూడా దొంగ సరుకుతో పోయిన దాఖలా లేదు. (అసలు లారీలు పోయిన దాఖలాయే తక్కువ.) కళ్ళను అంత పొదుపుగా వాడుకున్నవాడికి చెవులు కూడా కొత్తవాటిలాగే ఉంటాయని కంపెనీ నమ్మింది. నమ్మకం వమ్ము కాలేదు.

గాంధీనగర్‌లో వేగవాహిని ఏజెంటుగా తీగలు లాగి, కనెక్షన్లు చూసుకునేవాడు జాబెజ్. పాత మిషన్ సంఘపు బిడ్డ. ఆదివారం క్వయర్‌లో బేస్, అంటే పాట కింద నడిచే లోతు గొంతు, పాడతాడు, మిగతా రోజులు స్తంభాలెక్కుతాడు. కొత్త సర్క్యులర్ ప్రకారం అతనికి ‘ప్రథమ కాపలాదారు’ అనే హోదా వచ్చింది, హోదాతోపాటు ఒక టోపీ వచ్చింది. అనుమానం కలిగిన ఇంటికి పొద్దుగూకేలోగా లైను కోయాలి, విచారణ తర్వాత చూసుకోవచ్చు. అర్థం లేకుండా ఈలవేసే చందాదారులను దూరం నుంచి గమనించాలి. కోయనివాడి ఏజెన్సీ రద్దవుతుంది. జాబెజ్‌కు బతుకుతెరువు అదొక్కటే కాబట్టి టోపీ పెట్టుకున్నాడు.

ఆ విభాగం వలలో పడ్డ మొదటి చేప ఎవరయ్యా అంటే, జాబెజ్‌కు సరిగమలు నేర్పిన సుందరం సారు.

సుందరం మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన మేష్టరు, సంఘంలో క్వయర్ మాస్టరు. ఆయన భార్య కృపమణి ఒకప్పుడు ఆరాధనలో పాట ఎత్తుకుందంటే బయట ఆటోవాళ్ళు ఇంజన్లు ఆపుకుని వినేవాళ్ళు. వాళ్ళ ఇల్లు గాంధీనగర్ చివర, లారీలు మలుపు తిరిగే చోట ఉంది. ఏళ్ళ తరబడి ఆ దుమ్ము మింగి మింగి ఆమె గొంతు పూడిపోయింది. ఇప్పుడు మిగిలింది గుసగుస, దగ్గు. డాక్టరు ప్రయాణాలు వద్దన్నాడు, ఇల్లు మారమన్నాడు. ఆ ఇల్లు కొనేవాడెవడో మాత్రం చెప్పలేదు.

కూతురు షెకైనా నెల్లూరులో నర్సు. ఆమెకు ఆడబిడ్డ పుట్టింది, ఆదివారం పేరు పెడుతున్నారు. ఆ కుటుంబంలో పేరుపెట్టే వేళ తొట్టి దగ్గర అమ్మమ్మే జోలపాట పాడాలి, ఆ తర్వాతే బిడ్డను పేరుతో పిలవాలి. పాట సుందరం కట్టిందే. కృపమణి తన గొంతు బాగున్న రోజుల్లో దాన్ని క్వయర్ సీడీలో పాడి ఉంది. అమ్మ రాలేకపోతే అమ్మ గొంతైనా పంపు నాన్నా అని షెకైనా ఏడ్చింది. సుందరం కంప్యూటర్ ముందు కూర్చుని పాటను నెల్లూరుకు పంపబోయాడు. అది సగం దూరమైనా పోకముందే వీరభద్రప్ప చెవిలో పడింది.

ఆ పాట ఒక భక్తిగీతాల కంపెనీ సొత్తని జాబితాలో ఉంది. అదెలా అయింది అంటే, దానికి కారణం పూర్తిగా సంఘంవాళ్ళ వినయమే. పాడినవాళ్ళు పేరు వేసుకుంటే గర్వం అవుతుందని పాత మిషన్ పట్టింపు. అందుకే సీడీ అట్ట మీద రాసినవాడి పేరు లేదు, పాడినామె పేరు లేదు, ‘సమస్త మహిమ దేవునికే’ అని మాత్రం ఉంది. రికార్డు చేసిన స్టూడియోవాడు దాన్ని ఆ కంపెనీకి అమ్ముకున్నాడు. ఆ కాలంలో జిల్లాలో ఎవరి పేరూ లేని జాగా కనిపిస్తే ఎవరో ఒకరు రాయి పాతి తమదనడం మామూలే. కంపెనీ కూడా అట్ట మీద తన రాయి పాతింది.

జాబెజ్ నిచ్చెన మోసుకుని సుందరం ఇంటి ముందు స్తంభం దగ్గరికి పోయేసరికి కృపమణి గేటు దగ్గరే ఉంది.

“ఏంది నాయనా, లైను బాగలేదా?” అంది గుసగుసగా.

“బాగుండాదమ్మా. అందుకే కోయాల్సి వస్తాండాది.”

ఆమెకు సంగతి అర్థమైంది. రోడ్డు వాలుగా ఉంది, నిచ్చెన జారుతుందని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆమె పట్టుకున్న నిచ్చెన ఎక్కి జాబెజ్ ఆమె లైను కోశాడు. చిన్నప్పుడు బెత్తం దెబ్బ తిన్నప్పుడు కూడా అతనికి అంత సిగ్గు వేయలేదు.

మర్నాడు కౌల్ బజార్ పైమేడలో విచారణ. వీరభద్రప్ప మర్యాదస్తుడు, అందరికీ కాఫీ చెప్పాడు. అట్ట మీద మహిమంతా దేవునికే అని స్పష్టంగా ఉంది కాబట్టి అసలు హక్కుదారు దేవుడని, ఆయన దగ్గర నిరభ్యంతర పత్రం తెస్తే లైను వెంటనే ఇచ్చేస్తామని చెప్పాడు. సంఘ పాస్టరు గారి సంతకం చాలదా అని సుందరం అడిగాడు. పాస్టరు దేవుని సేవకుడని మీరే అంటారు, యజమాని ఉండగా సేవకుడి సంతకం చెల్లదన్నాడు వీరభద్రప్ప. ఇంకో దారి కూడా ఉందట. పాడినామె స్వయంగా వచ్చి అధీకృత చెవి ముందు ఒక చరణం పాడి, గొంతు సరిపోలితే దొంగతనం రద్దవుతుంది. ఆ గొంతు ఈ అమ్మదేనని జాబెజ్ చెప్పబోయాడు. కాపలాదారు చెవి అధీకృతం కాదని తేలింది.

కృపమణి లేచింది. కొంగు సర్దుకుని, ఆరాధనలో నిలబడినట్టే నిలబడి నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది, దగ్గు వచ్చింది. సుందరం తల వంచుకున్నాడు. జాబెజ్ గోడ పక్కన టోపీతో నిలబడి ఉన్నాడు. ఏం పూనిందో ఏమో, క్వయర్‌లో ఆమె పాట కింద తాను ఎప్పుడూ పాడే బేస్ ఎత్తుకున్నాడు. పైన పాట లేదు, కింద అతని గొంతొక్కటే నడిచింది. కృపమణి పెదవులు దానితోపాటు చరణం చివరిదాకా కదిలాయి. కాపలాదారు కూడా అనుమతి లేకుండా పాడాడని వీరభద్రప్ప రాసుకున్నాడు.

తర్వాత ఆయన బల్ల మీద పేరుకున్న ఎర్రదుమ్మును గుడ్డతో శుభ్రంగా తుడిచి అడిగాడు.

“గొంతు యాడ పోయిందమ్మా?”

“దుమ్ము తినేసిందప్పా,” అన్నాడు సుందరం. “లారీల దుమ్ము.”

“ఏ లారీలు?” అన్నాడు వీరభద్రప్ప.

ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

తీర్పు అక్కడే వచ్చింది. గొంతు పోయినప్పుడు కృపమణి ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. పోయిన వస్తువు గురించి ఫిర్యాదు చేయకపోవడం, వస్తువు తనది కానందువల్లే అయుండాలి. కాబట్టి పాట కంపెనీదే, లైను కోత సబబే. సుందరం అక్కడి నుంచే సీడీ పట్టుకుని కొరియర్ అంగడికి పోయాడు. వాళ్ళకూ సర్క్యులర్ అందింది, పార్సిల్‌లో పాట ఉంటే పర్మిట్ కావాలన్నారు. పోస్టులో వేస్తే ఆదివారానికి చేరదు. మొగుడూ పెళ్ళాలు ఆటో ఎక్కి ఇంటికి పోయారు.

జాబెజ్‌కు ఒళ్ళు మండింది. టోపీ తీసి పక్కన పెట్టాడు. ఇంట్లో క్వయర్ సీడీ తన కాపీ ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టుకుని బైపాస్ దగ్గర లారీలు ఆగే టీ అంగడికి పోయాడు. అక్కడ అతని చందాదారుడు, ఖనిజం లారీ డ్రైవరు నారప టీ తాగుతున్నాడు. నారప లారీ పోయేది కృష్ణపట్నం ఓడరేవుకు, అంటే నెల్లూరు మీదుగానే. జాబెజ్ సంగతంతా చెప్పి కవర్ చేతిలో పెట్టాడు.

“దీనికి పర్మిట్ ఏమన్నా ఉండాదా?” అన్నాడు నారప.

“లేదప్పా.”

“అయితే భయం లేదు,” అని కవర్‌ను సీటు కింద దోపాడు. “పర్మిట్ లేని సరుకే మా బండిలో సుఖంగా పోతాది.”

లారీ హగరి వంతెన దాటింది. వీరభద్రప్ప కూర్చున్న పాత చెక్‌పోస్టులో కొత్తాయన కూర్చుని ఉన్నాడు, ఆయన పేపరు చదువుకుంటున్నాడు. అక్కణ్ణుంచి ఆంధ్రాలో ఎన్ని చెక్‌పోస్టులున్నాయో అన్నిచోట్లా గేటు ముందే ఎత్తి ఉంది. శనివారం నెల్లూరు బైపాస్‌లో షెకైనా మొగుడు నారప చేతి నుంచి కవర్ అందుకున్నాడు.

ఆదివారం పొద్దున షెకైనా ఫోను చేసి, తొట్టి పక్కన పెట్టింది. ఇక్కడ కృపమణి ఫోను చెవికి ఆనించుకుని కూర్చుంది. తన గొంతు తన మనవరాలికి జోలపాడుతుంటే వింటూ పెదవులు కదిపింది, కళ్ళు తుడుచుకుంది. బయట లారీలు పోతున్నాయి కాబట్టి సుందరం కిటికీ మూశాడు.

ఆ నెల నివేదికలో వీరభద్రప్ప, జిల్లా నుంచి దొంగ సరుకేదీ బయటికి పోలేదని రాసి సంతకం పెట్టాడు. చెక్‌పోస్టులో ఉన్నప్పుడూ ప్రతి నెలా ఆ వాక్యమే రాసేవాడు కాబట్టి కొత్తగా ఆలోచించాల్సిన పని పడలేదు.