కాలితో తొక్కే రేడియో

ఆ బుధవారం వీక్లీ ఆఫ్. భోజనాల వేళకల్లా పెడల్ పని ముగించాలనుకున్నాడు గణపతిరావు. ఉక్కు ప్లాంటులో ఎలక్ట్రీషియన్, తెలుగు సంఘం ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. రెండు చేతులూ మెట్ల మీదుంటే, పాట మధ్యలో శబ్దం పెంచడానికి మూడో చెయ్యి లేదు. అందుకని ఓ గిటారిస్టు పారేయబోయిన, గిటారు మోత మార్చే పాత ఎఫెక్ట్స్ పెడల్ అడిగి తెచ్చుకుని, లోపలి సర్క్యూటంతా పీకేసి, తొక్కితే కీబోర్డు శబ్దం పెరిగేలా మారుస్తున్నాడు. ఆదివారమే ప్రోగ్రాం.

"ఈ ఇనప చెప్పేటిరా? రెండోదేదీ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా గుడికి వెళ్ళింది తల్లి అచ్చమ్మ.

పెడల్‌లోని వాల్యూమ్ కంట్రోలు అరిగిపోయి కరకరమంటోంది. సరిగ్గా అలాంటిదే తల్లి రేడియోలో ఉంది. మధ్యాహ్నంలోగా కొత్తది వేసేస్తే ఆవిడకి తెలియను కూడా తెలియదు. దాన్ని విప్పి పెడల్‌లో బిగించాడు. రేడియో నాబును మాత్రం జిగురుతో అంటించి, వెనక మూతకి స్క్రూలు వేసి, కొత్త కంట్రోలు కొనడానికి సైకిలెక్కి పక్క ఊరు దుర్గ్ వెళ్ళాడు. స్క్రూడ్రైవర్ చొక్కా జేబులోనే ఉండిపోయింది.

అచ్చమ్మ గుడినుంచి వచ్చి నాబు తిప్పింది. రేడియో పలకలేదు. అలవాటుగా దాని నెత్తిన రెండు దెబ్బలు వేసింది. లోపల వేలాడుతున్న తీగలు ఒకదాన్నొకటి తాకాయి. పొద్దుటి భజన టౌన్‌షిప్ సెక్టర్ 7లో ఆ వీధి వీధంతా వినబడింది. తగ్గిద్దామంటే నాబు చేతిలోకి ఊడొచ్చింది. బ్యాటరీలు తీద్దామంటే మూత విప్పే స్క్రూడ్రైవర్ కొడుకు జేబులో ఉంది. బొంత కప్పింది. లాభం లేకపోయింది. తీసుకెళ్ళి ఖాళీ బియ్యం డ్రమ్ములో పెట్టింది. మైకు పెట్టినట్టు మోగింది.

పక్క క్వార్టరు ఉమేష్ స్నానం చేసి, కొబ్బరికాయతో వచ్చాడు. "పెద్దమ్మా, ఇంట్లో పూజా? బతాయా భీ నహీ! చెప్పనేలేదు!"

"పూజేటీ లేదు నాయినా!"

ఆ హోరులో అతనికి 'పూజే' అన్నంతవరకే వినబడింది. "పర్లేదు పెద్దమ్మా, అయ్యేదాకా కూర్చుంటా!"

వెనకే ఎదురింటి నూకమ్మ పూలతో వచ్చింది. పదిన్నరకల్లా పదహారు మంది చేరారు. ఇంటికొచ్చినవాళ్ళని వట్టి కడుపుతో పంపడం అచ్చమ్మకి చేతకాదు. పులిహోర కలపడానికి కూర్చుంది.

కొత్త కంట్రోలు దొరక్క తిరిగొచ్చిన గణపతిరావు గుమ్మం ముందు అన్ని జోళ్ళు చూశాడు. తల్లికేమైందోనని లోపలికి పరిగెత్తాడు. డ్రమ్ములోంచి రేడియో తీసి, మూత విప్పి, బ్యాటరీలు పీకబోయాడు.

"ఒరే, దేవుడి పాట మద్దెలో ఆపకు! జనం కూకున్నారు. తగ్గించు, అంతే!" అంది అచ్చమ్మ.

తగ్గించేది పెడల్‌లో ఉంది. చేసేదిలేక పెడల్‌నే రేడియోకి కలిపాడు. కంగారులో తీగలు తారుమారై, తొక్కితే పెరగాల్సిన శబ్దం తగ్గింది.

అచ్చమ్మ చేతుల నిండా పసుపూ నూనే. కాలు పెట్టి తొక్కింది. తగ్గింది. నూకమ్మతో ఓ మాట చెప్పి మడమ నొక్కింది. భజన మళ్ళీ పెరిగింది. కొడుకు వంక చూసింది.

"సేతులు కాళీ లేనప్పుడు రేడియో కాడికి లెగలేకపోతన్నానని నాకోసం సేసినావేట్రా, నాయినా?" ఆవిడ కళ్ళు తడిశాయి.

గణపతిరావు నోరు తెరిచాడు. పదహారు మందీ అతన్నే చూస్తున్నారు.

"అవునమ్మా," అన్నాడు.

పెడల్ తల్లి రేడియోకే ఉండిపోయింది. ఆదివారం ప్రోగ్రాంలో కీబోర్డు మొదటి పాటనుంచి చివరి పాటదాకా ఒకే గొంతుతో మోగింది. ముందు వరసలో అచ్చమ్మ, పక్కావిడతో మాట్లాడాలనిపించినప్పుడల్లా కుడికాలితో నేలను నొక్కింది. కీబోర్డు తగ్గలేదు.