ఎలుగుతో మహారాజు పోరాటం, దానివల్ల కలిగిన శాంతి

క్రాకోవ్ సంతలో దండోరా వేశారు: "రేపు విస్తులా నది ఒడ్డు అడవిలో జ్బిలూత్ మహారాజులు ఒంటరిగా, ఒట్టి చేతులతో ఎలుగుబంటిని ఓడిస్తారు. జర్మన్ యోధుల రాయబారి లుడోల్ఫ్ దొరవారు కళ్లారా చూస్తారు. ప్రజలు సంతోషించాలహో!"

అందరికంటే ముందు నేనే సంతోషించాను. ఆస్థాన చరిత్రకారుణ్ణి కదా, ఆ పోరాటం ముందే రాసేశాను. చదివి వినిపిస్తే మహారాజులు మురిసిపోయి, "ఇంత బాగా రాశావు, అబద్ధం కాకూడదయ్యా పాకోష్. చేసేద్దాం," అన్నారు. ఎంత నిజాయితీ!

ఇందులో రాజనీతి కూడా ఉంది. సరిహద్దులోని బోరోవెత్స్ కోట తమకిచ్చెయ్యమని లుడోల్ఫ్ దొర వచ్చి కూర్చున్నాడు. ప్రభువుల పరాక్రమం చూస్తే మూటాముల్లె సర్దుకుంటాడు. ఆ కోట పక్కనే మా సొంతూరు. అందుకే ఎలుగు చచ్చే ఘట్టం మరీ బలంగా రాశాను.

వేటల అధికారి గ్నేవోమీర్ ఎలుగును సంపాదించాడు. సంతలో డోలుకు గంతులేసే ముసలి ఎలుగు. పేరు యాషెక్.

"ప్రభువులు చెయ్యెత్తగానే పడుకుంటుంది. నేర్పించాను," అన్నాడు.

"పడుకోకపోతే?"

"పడుకుందని నువ్వు రాయవా ఏంటి?"

నా వృత్తిని ఇంత లోతుగా అర్థం చేసుకున్నవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు ప్రభువులు చెయ్యెత్తారు. ఆ చేతిలో రొట్టె ఉందనుకుంది యాషెక్. వెనకకాళ్ల మీద లేచి, ముందరి కాళ్లు చాచి ఆప్యాయంగా పరుగెత్తుకొచ్చింది. ప్రభువులు ఓక్ చెట్టెక్కారు. ఆ వయసులో, ఆ పొట్టతో, ఆ వేగం మా చరిత్రలోనే లేదు. ఎలుగు చెట్టు మొదట్లో చతికిలబడి, నోరు తెరుచుకుని పైకి చూస్తూ కూర్చుంది.

"పాకోష్! ఏం రాస్తున్నావ్?" కొమ్మల్లోంచి రాజవాక్కు.

"ఎత్తైన చోటు నుంచి రాజ్యాన్ని పరిశీలిస్తున్నారని, ప్రభూ."

"రాజ్యం సంగతి తర్వాత. ముందు దీన్ని పంపించండ్రా!"

ఎలా పంపిస్తాం? పేరు పెట్టి పిలిస్తే పెంపుడుదని దొరకు తెలిసిపోతుంది. అందుకని అందరం కలిసి దాన్ని చూసి వణికాం. రాజుగారి ఉప్పు తిన్నవాణ్ణి గనక నేను కాస్త ఎక్కువే వణికాను.

పొద్దు నడినెత్తికొచ్చింది. కింద వంటవాళ్లు మాంసం కాలుస్తున్నారు. ఆ వాసన కొమ్మ దాకా వెళ్లింది. అప్పుడు లుడోల్ఫ్ దొర నింపాదిగా చెట్టు కిందికి వచ్చాడు.

"మహారాజా, బోరోవెత్స్ ఇస్తే దీన్ని నేను పంపించేస్తాను."

"కోట ఒక్కటేనా?"

"చుట్టూ ఉన్న ఊళ్లతో సహా."

ప్రభువుల బరువుకు కొమ్మ కిర్రుమంది.

"ఇచ్చేశాం!"

ఒప్పందపత్రాన్నీ రాజముద్రనూ తాడు కట్టి పైకి పంపాం. ముద్ర పడ్డాక దొర సంచిలోంచి తేనెరొట్టె తీసి, "యాషెక్, దా నాన్నా," అన్నాడు. అది లేచి అతని వెనకాలే వెళ్లిపోయింది. దారిలో గంతు కూడా వేసింది.

ఈ ఘట్టానికి 'ఓక్‌వన శాంతి ఒప్పందం' అని పేరు పెట్టాను. చుక్క నెత్తురు చిందకుండా యుద్ధాన్ని ఆపిన మేధావి అని మహారాజుల్ని కీర్తించాను. వారు విని, చెట్టెక్కిన తీరు గురించి ఇంకో వాక్యం చేర్పించారు.

పక్షం తిరక్కముందే బోరోవెత్స్ నుంచి మా బెనీగ్నా అక్క దిగింది. చంకలో పెద్దబాతు, వీపున దుప్పటి మూట, కాళ్లనిండా బురద.

"మనిల్లు వాళ్ల గుర్రాలకు కావాలటరా. పొమ్మన్నారు."

ఇలాంటప్పుడు చదవడం నాకలవాటు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఒప్పందం ఘట్టం మొత్తం వినిపించాను. అక్కకు చదువు రాదు. కదలకుండా విని, చివర్లో కళ్లు తుడుచుకుంది.

"ఎంత బాగా రాశావురా తమ్ముడూ! ఆ శాంతి వచ్చిన దేశం ఎక్కడుంది? ఈ బాతునేసుకుని నడిచి పోగలనంటావా?"