ఔట్‌సోర్సింగ్‌పై తొలి శాస్త్రీయ అధ్యయనం

"ఔట్‌సోర్సింగ్ వ్యవస్థపై దేశంలోనే తొలి శాస్త్రీయ అధ్యయనం చేయిస్తున్నాం. మూడు నెలల్లో నివేదిక వస్తుంది. సిబ్బందిని పర్మినెంట్ చేయాలా వద్దా అన్నది దాన్నిబట్టే నిర్ణయిస్తాం" అని మంత్రి సుబ్రమణ్యం గారు తిరుపతి ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. మా మంత్రి గారికి నోటికొచ్చింది మాట్లాడే అలవాటు లేదు. రాసిచ్చింది చదువుతారు.

చిత్తూరులో ఆయన క్యాంపు ఆఫీసుకు ఎదురుగానే నా జిరాక్స్ షాపు. ఆ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ కృపామణి పదకొండేళ్లుగా ఔట్‌సోర్సింగే. ప్రతి మార్చిలో ఆమె ఉద్యోగం పోతుంది, ఏప్రిల్‌లో మళ్లీ వస్తుంది. కాన్పు సెలవు అడిగిన సంవత్సరం మాత్రం జూన్‌లో వచ్చింది. ప్రకటన వెలువడిన రోజే వచ్చి సర్టిఫికెట్లన్నీ మూడు సెట్లు తీయించుకుంది.

"పర్మినెంట్ చేస్తే అడగతారు గదన్నా. రెడీగా పెట్టుకోవల్ల" అంది.

మరుసటి వారం యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ దేవనాథన్ గారు క్యాంపు ఆఫీసుకు వచ్చారు. కాగితాలు ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే నిలబడ్డాను.

"పరిశోధనకు రెండు పద్ధతులున్నాయండి. కొందరితో తీరిగ్గా మాట్లాడి తెలుసుకోవడం ఒకటి, చాలామందికి ప్రశ్నలిచ్చి లెక్కలు తీయడం ఇంకొకటి" అన్నారు ప్రొఫెసర్.

"రెండూ పెట్టండి. మాకేం తక్కువ?" అన్నారు మంత్రి గారు.

"మనుషుల్ని మాత్రం రాండమ్‌గా ఎంచుకోవాలి. ఎవరొస్తారో ముందుగా మనకు తెలియకూడదు."

"అదెట్ల కుదరతాది సార్? లిస్టు నేనిస్తాను. దాంట్లోనించి రాండమ్‌గా తీసుకోండి."

ప్రొఫెసర్ గారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఆయన మళ్లీ కనబడలేదు.

అధ్యయనాన్ని హైదరాబాదులో ఒక పెద్ద కన్సల్టెన్సీకి అప్పగించారు. పెద్దవాళ్లు ఎండలో తిరగరు కాబట్టి వాళ్లు బెంగళూరు కంపెనీకిచ్చారు. బెంగళూరు వాళ్లకు తెలుగు రాదు కాబట్టి రేణిగుంటలో ఆఫీసులకు మనుషుల్ని సప్లై చేసే మునికుమార్‌కిచ్చారు. మునికుమార్ మనుషుల్లో రిపోర్టు రాయగలిగింది ఒక్కతే. మంత్రి గారి ఆఫీసుకు అతను సప్లై చేసిన కృపామణి.

"ఆఫీసు పని ఆఫీసు పనేమ్మా. ఇది ఆదివారాలు చెయ్. రెన్యూవల్ వస్తా ఉండాది గదా" అన్నాడట ఫోన్లో.

ఆమె సంతోషించింది. "మా సంగతి మేమే రాసుకునే ఛాన్స్ వచ్చిందన్నా. ఒక్క మాట కూడా వదలను" అంది.

పన్నెండు ఆదివారాలు చర్చి మానుకుని బస్సుల్లో తిరిగింది. చెత్త ఎత్తేవాళ్లు, ఆస్పత్రి ఆయాలు, సబ్‌స్టేషన్ ఆపరేటర్లు, నూట నలభై మందిని కూర్చోబెట్టి అడిగింది. మంత్రి గారి లిస్టులో వాళ్లనూ అడిగింది. మిగతావాళ్లు చెప్పిందే వాళ్లూ చెప్పారు.

నివేదిక జిరాక్స్ తీస్తూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఒక ఆయా చెప్పిన మాట అది: "పదారేండ్లుగా ఈడనే ఉండాను. హాజరు పట్టీలో నా పేరు లేదు. ఆయా నాలుగు అని ఉంటాది." ఇరవై ఏళ్లుగా సర్కారు కాగితాలు తీస్తున్నాను, ఎప్పుడూ ఏడుపు రాలేదు. ఆ రోజు వచ్చింది. చివరి పేజీలో "వీరందరినీ పర్మినెంట్ చేయడం న్యాయం" అని ఉంది.

తిరుపతిలో ఆవిష్కరణ సభ. అట్ట మీద కన్సల్టెన్సీ పేరు. మంత్రి గారు పేజీలు తిప్పి, ఇంత బాగా రాసింది ఎవరని అడిగారు. పి.ఎ. చెవిలో చెప్పాడు. మంత్రి గారు వెంటనే కృపామణిని వేదిక మీదకు పిలిచి శాలువా కప్పారు. అంత పెద్ద మనసు.

"చూడండప్పా. ఈ బిడ్డ మన ఔట్‌సోర్సింగ్ బిడ్డ. ఒక్కతే, ఆదివారాలు తిరిగి, ఇంత పని చేసింది. పర్మినెంట్ వాళ్లెవరైనా చేసుందురా? ఔట్‌సోర్సింగ్ బ్రహ్మాండంగా నడస్తా ఉండాదనేదానికి ఇంతకన్నా రుజువు ఏం గావల్ల?"

చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఎవరినీ పర్మినెంట్ చేయనక్కర్లేదని మర్నాడే ఉత్తర్వు తయారైంది. టైపు చేసింది కృపామణే. జిరాక్స్‌కు తెచ్చినప్పుడు చూశాను, ఒక్క తప్పు లేదు.

"ఎన్ని కాపీలమ్మా?" అన్నాను.

"నాతో మాట్లాడినోళ్లందరికీ తలా ఒకటన్నా. ఎవురో చెప్పంగా వినేదానికంటే, నేనే పోయి చేతికిచ్చొస్తా."