ఎర్రచుక్క అమరిక ఉపసంఘం

మానవజాతి ఇప్పటిదాకా మూడు మహాప్రశ్నలను ఎదుర్కొంది. మనం ఎక్కడి నుంచి వచ్చాం? ఎక్కడికి పోతాం? పోటీ పిస్తోలు మీద ఎర్రచుక్కను ఎలా బిగించాలి? మొదటి రెండూ తేలికవి కనుక తత్వవేత్తలు చూసుకుంటున్నారు. మూడోదాన్ని షూటింగ్ క్లబ్బువారు ఒక ఉపసంఘానికి అప్పగించారు.

ఆ ఉపసంఘానికి తాజాగా చిక్కినవాడు కళ్ళద్దాల షాపాయన. క్లబ్బులో అందరూ ఆయన్ని చత్వారం అంటారు. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి, యాభైకి దగ్గరపడేసరికి సొంత పిస్తోలు కొస మీద గురి చూసే ఇనుప గుర్తు మసకబారింది. (వ్యాపారానికి ఇంతకన్నా మంచి ప్రకటన దొరకదు.) దాంతోపాటు జట్టులో ఆయన చోటూ మసకబారింది. ఈసారి ఉన్నది ఒకే ఖాళీ. దానికి పోటీలో ఇద్దరు: ఆయన, ఆయన భార్య. నెలాఖరు ఆదివారం ఎంపిక. నెగ్గితే జట్టు, ఓడితే గోడవార ప్లాస్టిక్ కుర్చీ.

మసక గుర్తుకు విరుగుడు లేకపోలేదు. వేలెడంత గాజు కిటికీ, అందులో వెలిగే ఎర్రచుక్క. చుక్కను లక్ష్యం మీద పెట్టి మీట నొక్కడమే. చత్వారం దాన్ని కొనుక్కొచ్చి, ఎలా బిగించాలని క్లబ్బులో అడిగాడు. ఆ క్లబ్బులో మీట నొక్కేవాళ్ళకన్నా నొక్కి చెప్పేవాళ్ళే ఎక్కువని ఆయనకు తెలియంది కాదు. అయినా అడిగాడు.

"మార్గాలు మూడు," అన్నాడు ఉపసంఘం అధ్యక్షుడు, రిటైరైన లెక్కల మాస్టారు. (ఆయన పిస్తోలు పట్టుకోగా చూసినవారు లేరు. పట్టు విడవగా చూసినవారూ లేరు.) "మొదటిది, పిస్తోలు పైన ముందుకీ వెనక్కీ జారే స్లైడు ఉంది చూడు, దాన్నే చెక్కించి ఆ గుంటలో చుక్కని కూర్చోబెట్టడం. గట్టిగా ఉంటుంది, కంటికీ హాయి."

"అయితే అదే చేయించేస్తా సార్."

"చెక్కించాక రేపు ఇంకో రకం చుక్క నచ్చితే? కోసిన ఇనుము అతుక్కుంటుందా? పెళ్ళి కూడా ఇంత తొందరగా చేసుకోరు నాయనా!"

"ఈయన చేసుకున్నారు మాస్టారూ," అంది పక్క వరుసలోంచి భార్య. "అడక్కండి, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు." అని ఒకటి పేల్చింది. ఎదురుగా ఉన్న గురి అట్ట మధ్యలో చిల్లు పడింది.

"రెండోది, మధ్యలో పలక. స్లైడుకి పలక, పలకకి చుక్క. ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు."

"ఇది బాగుంది కదా!"

"ఏం బాగు? పలకకి మరలు, చుక్కకి మరలు. పేల్చినప్పుడల్లా అదురుతాయి. మరలు బిగించడం, మరల బిగించడం!" (ఈ మాటకు అధ్యక్షుడు తానే నవ్వాడు. కార్యదర్శి మినిట్సులో 'నవ్వులు' అని బహువచనంలో రాశాడు.) "మూడోది, చుక్కని స్లైడు జోలికి పోకుండా, కదలని కింది ఫ్రేముకి బిగించడం. స్లైడు ఎంత ఎగిరిపడినా చుక్క చెక్కుచెదరదు."

"మరి ఇంకేం సార్, అదే..."

"కానీ అప్పుడు నువ్వు వేరే తరగతిలోకి పోతావు. కదిలే చుక్కలకి కదిలే చుక్కలతోనే పోటీ. నిలకడ చుక్కల తరగతిలో మనకి జట్టే లేదు."

"మరెందుకు చెప్పారండీ?"

"మార్గాలు మూడని తీర్మానంలో ఉంది."

ఆ తర్వాత విషయం సజావుగా జటిలమైంది. చుక్క ఎరుపేనని ఇద్దరు సభ్యులు ధ్రువీకరించాలన్నారు. ఆ ఇద్దరికీ రంగులు కనబడతాయని మరో ఇద్దరు ధ్రువీకరించాలన్నారు. మరలు వదులవకుండా పూసే జిగురు విప్పడానికి వీలైన నీలమా, విప్పరాని ఎరుపా అన్నదానిపై క్లబ్బు నిలువునా చీలి, రెండు పక్షాలూ వేరువేరు బల్లల దగ్గర టీ తాగసాగాయి. (జిగురు వల్ల విడిపోయిన సంస్థ ఇదొక్కటే.) చత్వారం రెండు బల్లల దగ్గరా తాగి నిద్ర పోగొట్టుకున్నాడు. షాపులో ఒక పెద్దాయన చదువుకునే అద్దాలు అడిగితే, "నేరుగానా, పలక మీదా?" అన్నాడు.

"ఏమండీ, సాధనకి వస్తారా?" అనేది భార్య రోజూ సాయంత్రం, తన పాత ఇనుప గుర్తు పిస్తోలు సర్దుకుంటూ.

"ముందు చుక్క సంగతి తేలనీ!"

"తేలేలోపు మీరు మునిగేలా ఉన్నారు," అని ఆవిడ వెళ్ళిపోయేది.

ఎంపిక ముందురోజు తేలింది. పలక, నీలి జిగురు. క్లబ్బు మెకానిక్కు ఆఖరి మర బిగిస్తుంటే ఉపసంఘం లేచి నిలబడింది.

"ఒకసారి పేల్చి చూస్తారా?" అన్నాడు మెకానిక్కు.

"రేపటిదాకా ముట్టుకోకూడదు! జిగురు ఆరాలి!" అన్నాయి ఉభయ పక్షాలూ. చాలాకాలానికి కుదిరిన ఏకాభిప్రాయం కనుక చత్వారం దాన్ని గౌరవించాడు.

ఆదివారం ఈల మోగింది. చత్వారం పిస్తోలు ఎత్తాడు. కిటికీలో అట్ట కనబడింది, గోడ కనబడింది, పైకప్పు దూలం కూడా కనబడింది. చుక్క మాత్రం లేదు. ఆ చుక్కకు ఒక పట్టింపు ఉంది. పిస్తోలు కంటికి సూటిగా ఎదురుపడితే తప్ప దర్శనమివ్వదు, మణికట్టు కాస్త వంగినా మాయం. రోజూ ఎత్తి దించి చేతికి అలవాటు చేసుకోవాలి. (ఈ అంశం ఎజెండాలో లేదు.) చత్వారం పైకీ కిందికీ, డాబా మీద ఫోను సిగ్నలు వెతికేవాడిలా తిప్పాడు. ఒక్క గుండూ పేలకుండానే గడువు ముగిసింది.

"నా చుక్క పోయింది!" అని కేక వేశాడు.

రిఫరీ పిస్తోలు ఖాళీ చేయించి, ఎత్తి చూశాడు. "ఉంది సార్, నిక్షేపంలా ఉంది. మీరే దానికి కనబడటం లేదు."

జట్టులో చోటు భార్యకు వచ్చింది. ఆవిడ గోడవార కుర్చీ దగ్గరికి వచ్చి భర్త భుజం తట్టింది. "ఊరుకోండి. ఇంట్లో ఒకళ్ళకి కనబడితే చాల్లెండి."

ఉపసంఘం ఆ సాయంత్రమే సమావేశమై పిస్తోలును పరీక్షించింది. పలక కదలలేదు, మర వదులవలేదు, జిగురు చెదరలేదు. క్లబ్బు చరిత్రలో ఇంత దృఢమైన అమరిక లేదని ఏకగ్రీవంగా తీర్మానించింది. పిస్తోలు ఒక్కసారీ పేలకపోవడం వల్లనే ఇది సాధ్యమైందని గుర్తించి, ఇకపై సభ్యులందరూ ఇదే పద్ధతిని పాటించాలని ఆదేశించింది.