గొప్పు అడిగిన కోడి

ఒక పెద్ద అడవిలో అందరికీ నోరుంది, నాకు తప్ప. నాకున్నది ముక్కు. అదీ నలుగురి ముందు తెరుచుకోదు.

నేను కోడిని. చుక్కమ్మ అంటారు. నాకో గూడు, గూటి ముందు గుప్పెడు పెరడు. చలి వెనకపట్టు పట్టి చెట్లు చిగురేసే రోజులొచ్చాయి. అందరూ పెరళ్ళు బాగుచేసుకుంటున్నారు. నాకైతే ఈ ఏడు పెరటి మీద చాలా ఆశ ఉంది. గుడ్లు పొదగబోతున్నాను. ఉగాది దాటాక పిల్లలు బయటికొస్తాయి. పడమటి ఎండకి మా గూడు పెనంలా కాలుతుంది. ఈలోగా ఒక సొరతీగ గూటి మీదికి పాకితే పిల్లలకి ఇంత నీడ.

సొరవిత్తు పెట్టాను. మొలిచింది. ఇక దాన్ని కాపాడాల్సింది నా నుంచే. మట్టి కనిపిస్తే నా కాళ్ళు ఆగవు, గీరుతూనే ఉంటాయి. అందరూ పశువులు రాకుండా దడి కట్టుకుంటారు. నేను నేనే రాకుండా ముళ్ళకంప పెట్టుకున్నాను. అది నాకే గుచ్చుకుంది కూడా.

మొక్క జానెడు లేచి ఆగిపోయింది. మొదలు దగ్గర మట్టి గట్టిపడింది. గొప్పు చెయ్యాలి. అంటే వేరు కదలకుండా మొదలు చుట్టూ మట్టి తవ్వి గుల్ల చెయ్యాలి. ఆ పని నేను మొదలుపెడితే వేరు చూసేదాకా ఆగను. అందుకని సిగ్గు చంపుకుని అడవి సభకి వెళ్ళాను.

సభకి ఏనుగు అధ్యక్షుడు, నక్క కార్యదర్శి. ఏనుగు చాటంత చెవులు ఊపుతూ ఉంటుంది. వినే పని మాత్రం నక్కది. నా వంతు వచ్చేసరికి గొంతు ఈకల్లోకి పోయింది. సొరమొక్కకి గొప్పు చెయ్యాలని గొణిగాను. నక్కకి గొప్ప చెయ్యాలని వినిపించింది.

"అంతేనా కోడమ్మా? ఇన్నాళ్ళూ అడగవేం? మా సభకి చేతనయిన పనే అది" అంది.

కాదని చెప్పాలి. తల అడ్డంగా ఊపుదామనుకున్నాను. నిలువుగా ఊగింది. కోడి తల ఇంకెలా ఊగుతుంది.

మర్నాడే నా పెరట్లో తాటాకు పందిరి వేశారు, అధ్యక్షులవారికి ఎండ తగలకూడదని. సొరమొక్కకి బంతిపూల దండ వేశారు. దండ బరువుకి మొక్క నేలకి వంగితే, దాని వినయానికి సభంతా మురిసిపోయింది. తర్వాత గాడిద లేచి ఉపన్యాసం మొదలుపెట్టింది. ఇంతటి సొర ఈ అడవిలో పుట్టలేదంది, పుట్టబోదంది, దాని నీడలో రేపు ఏనుగులు నిద్రపోతాయంది. మొక్కకి ఉన్నవి నాలుగాకులు. మొక్కకని నేను తెచ్చుకున్న నీళ్ళు గాడిదే తాగి మళ్ళీ అందుకుంది.

ఇక లాభం లేదని ముందుకెళ్ళాను.

"అయ్యా, గొప్ప కాదు. గొప్పు."

"తేడా ఏముందమ్మా?" అంది నక్క.

"చివర కొమ్ముందయ్యా."

గుణింతాల దగ్గర ఆగిపోయిన చదువు నాది. ఉన్న ఆ కాస్తా అక్కడ వాడేశాను.

సరిగ్గా అప్పుడే ఏనుగు, తన జన్మలో మొదటిసారి, ఒక మాట విన్నది.

"పాపం, కొమ్ము కావాలంటోంది. ఇప్పించండి."

అడవిదున్నని పిలిచారు. అది వచ్చి తల వంచి ఒక్క కుమ్ము కుమ్మింది. కంప ఒకవైపు, మట్టి ఒకవైపు ఎగిరిపోయాయి. సొరమొక్క దండతో సహా వెళ్ళి గాడిద ముందు పడింది. గాడిద తినేసింది. తిని, రుచి కూడా గొప్పగా ఉందని ఉపన్యాసం ముగించింది. అందరూ చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు.

నేను గూట్లోకి పోయి గుడ్ల మీద కూచున్నాను. నన్ను నేను తిట్టుకోవడానికి మాత్రం నాకు నోరు బాగా వస్తుంది. సాయంత్రం దాకా తిట్టుకున్నాక తెలిసింది, ఒంటికి ఎండ తగల్లేదని. పందిరి అలాగే ఉంది.

పొద్దున్నే నక్క వచ్చింది. పందిరి పీకాలట. ఎలుగుబంటిగారి పెరట్లో వంగమొక్కల్ని గొప్ప చెయ్యాల్సి ఉందట. నా కింద గుడ్లు వెచ్చగా ఉన్నాయి. వాటి మీదికి పడమటి ఎండ రావడం కళ్ళకి కట్టింది. ఈసారి గొంతు ఈకల్లోకి పోలేదు.

"పీకండయ్యా. మొక్కని గొప్ప చేశారు, సంతోషం. అధ్యక్షులవారిని మాత్రం ఎవరూ సరిగా గొప్ప చెయ్యలేదని నాకే మనసులో పీకుతోంది."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నిజమేనమ్మా. వారం వారం పెట్టుకుందాం. పందిరి ఇక్కడే ఉండనీ" అంది.

వేసవంతా మా పెరట్లో ఉపన్యాసాలే. సొరకాయ కూర కళ్ళ చూడలేదు గానీ, పిల్లలన్నీ చల్లగా, క్షేమంగా నీడలో తిరిగాయి. ఒక్కటే దిగులు. గుడ్డులోంచి తల బయటపెట్టగానే కియ్యిమనాల్సినవి, "అధ్యక్షా" అన్నాయి.

నీతి: కొమ్ముతో సరిగ్గా పలికితే పెరడు పోయింది, కొమ్ము వదిలేసి తప్పు పలికితే పందిరి మిగిలింది.